ఊరి లెక్క వేరు, ఇంటి లెక్క వేరు

2025 ఎండాకాలంలో కామవరపుకోట సెంటరులో టీ తాగుతుంటే ఎరిగున్న పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచారు. ఆయనకు ఎకరంన్నర కొబ్బరితోట, అందులో అంతరపంటగా కోకో ఉన్నాయి. "ఏం అబ్బాయ్, ఊళ్ళన్నీ తిరుగుతుంటావు గదా, కోకో ఉంచమంటావా, గొడ్డలి పెట్టేయమంటావా?" అని అడిగారు. అదే బల్ల మీద కూర్చున్న కుర్రాడు ఆయనకు తమ్ముడి కొడుకు. "పెదనాన్న తీసేస్తానంటున్నారు. నేను పోయినేడే మొక్కలు పెట్టానండి. మరి నా సంగతేంటి?" అన్నాడు.

ధర పడిపోయిందని పెద్దాయన నరకాలనుకున్నారు. ధర పెరిగిందని కుర్రాడు నాటాడు. ఇద్దరూ చూసింది ధర ఒక్కదాన్నే. తోటలో పని ఎవరు చేస్తారు, నీరెంత ఉంది, డబ్బు వచ్చేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది అన్నది ఇద్దరూ లెక్క వేసుకోలేదు. ఆ రోజు వాళ్ళకి సూటిగా జవాబు చెప్పలేక టీ డబ్బులిచ్చి వచ్చేశాను. తర్వాత ఆలోచించగా తోచిన సంగతులు ఈ వారం రాస్తున్నాను.

నేను చెప్పదలచింది ఒకటే. సన్నకారు రైతు ఏ పంట వేసినా, ఏ వ్యాపారం పెట్టినా ముందు చూసుకోవలసింది తన ఇంటిని. ఊరంతా బాగుపడిన పనిలో మన ఇల్లు మునిగిపోవచ్చు. ఊళ్ళో ఎవరూ పట్టించుకోని పని మన ఇంటికి చక్కగా అమరవచ్చు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

ధర మన చేతిలో లేదు

కోకో సంగతే చూడండి. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఆఫ్రికాలోని ఐవరీకోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తుంది. అక్కడ వానలు, తెగుళ్ళు పంటను దెబ్బతీసేసరికి 2024లో ధరలు ఆకాశానికి పోయాయి. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్కు మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. మన దగ్గర కూడా 2024లో ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. అంతకు ముందు రెండు వందల చిల్లరకు అమ్ముకున్న రైతుకు అది కలలాగే ఉంది. కొబ్బరితోట ఉన్నవాళ్ళందరికీ కోకో మొక్కల మీదికి మనసు పోయింది.

2025 వచ్చేసరికి ధర సగానికి పడింది. ఏలూరులో రైతులు రోడ్డెక్కారు. కంపెనీలు ఇచ్చే ధరకు ప్రభుత్వం కిలోకు 50 రూపాయలు కలిపి 500 అందేలా చూడవలసి వచ్చింది. పోరాడిన రైతులను నేను తప్పు పట్టడం లేదు. గిట్టుబాటు ధర అడగడం రైతు హక్కు. కానీ ఘనాలో కురిసే వానకు మనం గొడుగు పట్టలేం గదా. ధర పెరిగినప్పుడు నాటి, పడినప్పుడు నరికేవాడు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు. మొక్క కాపుకొచ్చేసరికి మూడేళ్ళు పడుతుంది. నాటిన రోజు ధర మూడేళ్ళ తర్వాత ఉంటుందని ఎవరూ పూచీ పడలేరు.

ఒకే కాయ, మూడు బేరాలు

కోకో వేసిన వాళ్ళందరూ చేసేది ఒకే వ్యాపారం అనుకుంటాం. అందులోనే మూడు వేర్వేరు పనులున్నాయి. కాయ కోసి, పగలగొట్టి పచ్చి గింజలు అమ్మేయడం ఒకటి. ఆ గింజల్ని మనమే పులియబెట్టి, ఎండబెట్టి అమ్మడం రెండోది. చాక్లెట్ దాకా వెళ్ళడం మూడోది. ఎవరికి ఏది అమరుతుందో చూద్దాం.

పులియబెట్టడం చూడడానికి తేలికగా కనిపిస్తుంది, కానీ ఓపిక కావాలి. గుజ్జుతో ఉన్న గింజల్ని చెక్కపెట్టెలో గానీ బుట్టలో గానీ పోసి, అరిటాకులో గోనె పట్టానో కప్పి, ఆరు రోజుల వరకూ ఉంచాలి. మూడో రోజు, ఐదో రోజు కలియబెట్టాలి. లోపల వేడి 45 డిగ్రీలు దాటితేనే గింజ లోపలి మొలక చచ్చి, చేదు తగ్గి, చాక్లెట్ వాసన పుడుతుంది. పోగు మరీ చిన్నదైతే ఆ వేడి నిలవదు. తర్వాత మంచి ఎండలో మరో ఆరేడు రోజులు ఎండబెట్టాలి. తేమ ఏడు శాతం మించకూడదు. మధ్యలో జల్లు పడి బూజు పట్టిందంటే చేసిన చాకిరీ అంతా వృథా.

లెక్క తేలిక కోసం ఒక ఉదాహరణ చెబుతాను. ధరలు మీ దగ్గర ఉన్నవి వేసుకోండి. వంద కిలోల పచ్చి గింజలు ఎండితే 35 నుంచి 40 కిలోలు అవుతాయి. తక్కువ వైపే చూసి 35 అనుకుందాం. ఎండు గింజలు కిలో 500 అయితే పదిహేడున్నర వేలు వస్తుంది. అవే గింజలు పచ్చిగా కిలో 150కి పోతే పదిహేను వేలు. తేడా రెండున్నర వేలు. ఈ రెండున్నర వేల కోసం పన్నెండు, పదమూడు రోజులు ఒక మనిషి ఇంటి దగ్గర కాపలా ఉండాలి.

ఈ డబ్బు ఎక్కువా, తక్కువా? ఇంటిని బట్టి ఉంటుంది. ఎండకు తిరగలేని పెద్దాయన వాకిట్లో మంచం వేసుకుని కూర్చుని, మబ్బు పట్టగానే పట్టా కప్పగలిగితే ఆ రెండున్నర వేలూ లాభమే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రోజూ కూలికి పోయే ఇల్లయితే, ఒకరు నాలుగైదు రోజులు పని మానుకున్నా ఆ డబ్బు కరిగిపోతుంది. ఒకే ధర, ఒకే గింజ, ఒకే ఊరు. ఒక ఇంటికి లాభం, పక్కింటికి నష్టం.

మన మండలంలోని తాడికలపూడిలోనే కోకో గింజలు పులియబెట్టే కేంద్రం ఒకటి ఉంది. పేరు 'డిస్టింక్ట్ ఆరిజిన్స్'. హైదరాబాదులోని 'మనం చాక్లెట్' సంస్థకు చెందినది. వాళ్ళు రైతుల దగ్గర పచ్చి గింజలు కొని, పులియబెట్టడం, ఎండబెట్టడం తామే చూసుకుంటారు. ఆ సంస్థ పెట్టిన చైతన్య ముప్పాలది మిఠాయి వ్యాపారం చేసే కుటుంబం. హైదరాబాదులో ఆల్మండ్ హౌస్ వాళ్ళదే. 2023లో బంజారాహిల్స్‌లో చాక్లెట్ కార్ఖానా తెరిచారు. 2024లో అమెరికా పత్రిక 'టైమ్' ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో దాన్ని చేర్చింది. మన తాడికలపూడి పేరు చాక్లెట్ రంగంలో వినబడడం మనకూ సంతోషమే.

ఇందులో రైతు గమనించవలసిన సంగతి వేరే ఉంది. వాళ్ళకి తెలిసిన విద్య తీపి పదార్థం చేయడం, దాన్ని కొనేవాడి మనసు తెలుసుకోవడం. ఆ విద్య చుట్టూనే వ్యాపారం కట్టుకున్నారు. కాయ పండించే పని రైతుకే వదిలారు. గింజ రుచి మాత్రం తమ చేతిలో ఉండాలని పులియబెట్టడం తీసుకున్నారు. అంత డబ్బున్న వాళ్ళే తమకు ఏది వచ్చో, ఏది రాదో చూసుకుని దిగితే ఎకరంన్నర రైతు చూసుకోకుండా దిగవచ్చునా?

చాక్లెట్ చేద్దామని ఉత్సాహపడే చదువుకున్న పిల్లలూ అక్కడక్కడా కనబడుతున్నారు. చేయవద్దనను. కానీ యంత్రం కావాలి, చల్లటి గది కావాలి, ఆహార భద్రత లైసెన్సు కావాలి. మన రోహిణి కార్తె ఎండకు చాక్లెట్ బల్ల మీదే నీరైపోతుంది. అన్నిటికన్నా ముందు దాన్ని కొనేవాళ్ళు ఎక్కడున్నారో తెలిసి ఉండాలి. పట్నంలో దుకాణాలతో మాట్లాడగల మనిషి ఇంట్లో ఉంటే ఆలోచించండి. లేకపోతే మంచి గింజ పండించి మంచి ధరకు అమ్మడమే చిన్న పనేం కాదు.

ఈము పక్షుల పాఠం

ఇదంతా చెప్పడానికి నాకు అర్హత ఎక్కడిదంటారా? నేనూ వాత పెట్టుకున్నవాడినే. 2011లో ఈము పక్షుల మోజు మన జిల్లాను ఊపేసింది. పక్షి మాంసానికి గిరాకీ అన్నారు, నూనెకు ఇంకా గిరాకీ అన్నారు. పెంచిన పక్షుల్ని తామే తిరిగి కొంటామని ఒక కంపెనీ వాళ్ళు కాగితం రాసిచ్చారు. మా ఊళ్ళో ముగ్గురు పెద్ద రైతులు షెడ్లు వేశారు. అది చూసి నేను మా ఆవిడ గాజులు కుదువపెట్టి నాలుగు జతలు తెచ్చాను.

అప్పుడే మా ఆవిడ ఒక మాటంది. "ఏవండీ, వీటిని ఎవరికి అమ్ముతామండీ? మన సెంటరులో ఈము మాంసం కావాలని ఒక్కళ్ళయినా అడిగారా?" అంది. "కంపెనీయే కొంటుంది గదా" అన్నాను. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ కంపెనీ బోర్డు తిప్పేసింది. 2012లో తమిళనాడులో పెద్ద పెద్ద ఈము కంపెనీలే మూతపడ్డాయి. పక్షులకు మేత పెట్టలేం, అమ్మలేం, చంపలేం. పెద్ద రైతులు ముగ్గురూ ఆ దెబ్బ తట్టుకున్నారు. వాళ్ళకి పామాయిల్ తోటలున్నాయి. నేను తట్టుకోలేకపోయాను.

చివరికి గాజులు విడిపించింది ఒక పాడిగేదె. మా ఆవిడ పుట్టింట్లో పాడి మధ్యనే పెరిగింది. గేదె నడక చూసి దాని ఒంట్లో సంగతి చెప్పగలదు. పాలు కొనేవాళ్ళు సెంటరులోనే ఉన్నారు. రెండు పూటలా డబ్బు కళ్ళకు కనబడేది. మూడేళ్ళకు బాకీ తీరింది. మా ఇంట్లో ఏ విద్య ఉందో నేను చూడలేదు. ఆమె చూసింది. నేను రోజంతా ఊళ్ళు తిరిగేవాణ్ణి, ఈముల కాపలా కూడా ఆమె నెత్తినే పడింది. ఆమెను అడగకుండానే ఆమె చేతి పనిని నా వ్యాపారంలో పెట్టుబడిగా వేసుకున్నాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది అదే.

కొల్లేరు చెప్పే సంగతి

ఇది ఒక్క మనిషి తెలివితక్కువతనమే అయితే ఇంత రాయనక్కరలేదు. మెట్ట దిగి ఏలూరు దాటితే కొల్లేరు వస్తుంది. అక్కడ ఊళ్ళకు ఊళ్ళే ఈ అనుభవం చూశాయి. తరాలుగా కొల్లేటి జాలర్లు వలలు, బుట్టలు వేసి సరస్సులో చేపలు పట్టుకునేవారు. ఏ గాలికి ఏ చేప ఎటు పోతుందో వాళ్ళకి తెలుసు. 1976లో ప్రభుత్వం వాళ్ళ చేత సహకార సంఘాలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే.

కానీ చెరువు సాగు వేరు, సరస్సులో వేట వేరు. చెరువుకు చేపపిల్ల కొనాలి, మేత కొనాలి, మందు కొనాలి, ఇంజనుకు నూనె పోయాలి. పట్టుబడి దాకా నెలల తరబడి డబ్బు పెడుతూనే ఉండాలి. రోజు వేటతో రోజు గడిపే ఇంటికి అంత పెట్టుబడి ఎక్కడిది? చాలా చెరువులు లీజుల రూపంలో డబ్బున్న బయటివాళ్ళ చేతికి పోయాయి. తమ పేరున ఉన్న చెరువు గట్టు మీదే జాలరి కూలివాడయ్యాడు. తర్వాత చెరువులు సరస్సంతా అల్లుకుపోయాయి. 1999లో కొల్లేరును అయిదో కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. లీజు డబ్బు తిన్నవాళ్ళు వేరే దారి చూసుకున్నారు. దారి లేకుండా మిగిలింది జాలరి.

వ్యాపారం మన పేరున ఉన్నంత మాత్రాన మనది కాదు. దానికి కావలసిన డబ్బు, ఓర్పు, పనితనం ఎవరి దగ్గర ఉంటే అది వాళ్ళదవుతుంది.

ఆగగలిగే ఇంటికే పామాయిల్

మన మెట్టలో ఇప్పుడు అందరి నోటా వినబడేది పామాయిల్. మంచి పంటే. పెదవేగిలో ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ఉంది, 1995 నుంచి పరిశోధన సంస్థ ఉంది. 2021లో కేంద్రం పెట్టిన వంటనూనెల పథకం వచ్చాక మొక్కలకు, నిర్వహణకు సాయం కూడా దొరుకుతోంది. ఎకరాకు 57 మొక్కలు. ఒకసారి నాటితే పాతికేళ్ళకు పైగా కాపు. దొంగల భయం లేదు, కోతుల బెడద తక్కువ, కూలీలూ తక్కువే. పిల్లలు పట్నంలో స్థిరపడి, ఊళ్ళో పెద్దవాళ్ళిద్దరే ఉన్న ఇంటికి, బోరులో నీరు సమృద్ధిగా ఉంటే, ఇంతకన్నా అమరిన పంట ఇంకొకటి ఉండదు.

అదే పంట ఎకరం మొక్కజొన్న మీద ఏడాది గడుపుకునే ఇంటికి చిక్కు తెస్తుంది. చెప్పుకోదగ్గ గెలలు నాలుగో ఏట గానీ రావు. ఈలోగా తిండి, పిల్లల ఫీజులు, పాత బాకీ వడ్డీ ఆగవు. మొదటి మూడేళ్ళూ వరసల మధ్య కూరగాయలో మొక్కజొన్నో వేసుకునే ఓపిక, నీరు ఉంటేనే గట్టెక్కుతారు. ఎండాకాలంలో పెద్ద చెట్టుకు రోజూ వందల లీటర్ల నీరు కావాలి. గెల కోశాక 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, మన ప్రాంతానికి కేటాయించిన ఫ్యాక్టరీకే ఇవ్వాలి. దిగుబడి ఎంత అని అడిగే ముందు ఎన్నాళ్ళు ఆగగలం అని అడుక్కోవాలి. మంచమున్నంత వరకే కాళ్ళు చాపుకోవాలన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఇంట్లో కూర్చుని వేసుకోవలసిన లెక్క

కొత్త పంటకో కొత్త వ్యాపారానికో దిగేముందు, ఇంటిల్లిపాదీ ఒక రాత్రి అన్నాలు తిన్నాక కూర్చుని ఈ అయిదు ప్రశ్నలు వేసుకోండి. భార్య, ఎదిగిన పిల్లలు, పెద్దవాళ్ళు అందరూ ఉండాలి.

1. ఈ పని రోజూ ఎవరి చేతుల మీదుగా జరుగుతుంది? ఆ మనిషి ఒప్పుకున్నారా? ఒంట్లో బాగాలేని రోజున ఎవరు చూస్తారు?

2. మే నెలలో మన బోరు ఎన్ని గంటలు పోస్తుంది? వానాకాలం నీరు చూసి లెక్క వేయకండి.

3. మొదటి రూపాయి చేతికొచ్చేదాకా ఎన్ని నెలలు? అన్ని నెలలు అప్పు చేయకుండా ఇల్లు గడుస్తుందా?

4. కొనేవాడు ఒక్కడేనా? వాడు కొననంటే రెండోవాడున్నాడా? మన ఊరి చుట్టుపక్కల దాన్ని తినేవాళ్ళు, వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

5. ఈ పనిలో మన ఇంట్లో ఇప్పటికే తెలిసింది ఎంత? చెట్టు ఎక్కడం, పశువును చూడటం, బేరం ఆడటం, లెక్క రాయడం - ఏదో ఒక విద్య ప్రతి ఇంట్లో ఉంటుంది. దాన్ని ఆసరాగా తీసుకుని మొదలుపెట్టండి.

అయిదింటిలో మూడింటికి జవాబు రాకపోతే ఆ పని ఎంత లాభమైనా ఈ ఏడాదికి ఆపండి. చేయదలచినా మొదట పది సెంట్లలోనో, ఒక్క పశువుతోనో చేసి చూడండి. అందులో పోయిన డబ్బును చదువుకు పెట్టిన ఖర్చు అనుకోవచ్చు.

ఒక్కరికి అమరనిది నలుగురు కలిస్తే అమరవచ్చు. కోకోలోనే చూడండి. ఒక్క ఇంటి గింజలు పెట్టెకు చాలవు, వేడి రాదు. అయిదిళ్ళ వాళ్ళు ఒకే రోజు కాయ కోసి, విశాలమైన వాకిలి, ఇంటిపట్టున ఉండే మనిషి ఉన్న ఇంట్లో గింజలు కలిపి పులియబెట్టుకోవచ్చు. చాకిరీ చేసిన ఇంటికి కిలోకు ఇంత అని ముందే రాసుకుంటే తగాదా రాదు.

అధికారులకూ ఒక మాట

మండలానికి ఇన్ని ఎకరాలు అని లక్ష్యం పెట్టుకుని ఒకే పంటను ఇంటింటికీ మోయడం అధికారులు మానుకోవాలి. రైతు సేవా కేంద్రంలో పథకం కాగితం నింపేముందు ఆ ఇంట్లో మనుషులెందరు, నీరెంత, బాకీ ఎంత అని అడిగే పద్ధతి రావాలి. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఎకరం రైతు ఇంటి లెక్కను కూడా ఒక పరిశోధనగా తీసుకుంటే మేలు. కోకో కొనే కంపెనీలు ఎండు గింజల ధరతో పాటు పచ్చి గింజల ధర కూడా బోర్డు మీద రాసి పెట్టాలి. రెండూ పక్కపక్కన కనబడితే ఏది తనకు గిట్టుతుందో రైతే తేల్చుకుంటాడు.

మొన్న ఆ పెద్దాయన మళ్ళీ కలిశారు. కోకో నరకలేదట. పులియబెట్టడం మానేసి పచ్చి గింజలు అమ్ముకుంటున్నారు. "మీ పిన్నికి నడుంనొప్పి, ఎండబోయడం మావల్ల కాదు అబ్బాయ్. నాలుగు డబ్బులు తక్కువొచ్చినా ప్రాణం హాయిగా ఉంది" అన్నారు. కుర్రాడి మొక్కలు ఏపుగానే ఉన్నాయి. కాపుకొచ్చేదాకా ఇల్లు గడవడానికి వాళ్ళావిడ కుట్టుమిషను తిప్పుతోంది. కాపు వచ్చాక అక్కడికీ ఇక్కడికీ పరిగెత్తకుండా పెదనాన్న వాకిట్లోనే పెట్టె పెట్టి పులియబెడతానంటున్నాడు. వాకిలి పెద్దాయనది, నడుం కుర్రాడిది. ఈ లెక్క నేను చెప్పింది కాదు, వాళ్ళిద్దరూ ఇంట్లో కూర్చుని వేసుకున్నది.